నడుమ నుంచి విన్న కథ

మా బాపు మాట్లాడటం మానేసిన పదకొండో రోజున నా బిడ్డ తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "మమ్మీ, గీ ఆరింట్ల తాతకు ఒకటి సెలెక్ట్ చెయ్యి" అంది.

అవి ఆరు ఇంగ్లీషు నవలలు. వేరే లోకాల గురించి, నక్షత్రాల మధ్య ప్రయాణాల గురించి, మంత్రాల గురించి రాసే నవలలకు విదేశాల్లో ఏటేటా ఒక పెద్ద బహుమతి ఇస్తారట. ఆ ఏడు చివరి వరుస దాకా వచ్చినవి ఈ ఆరు. ఆన్‌లైన్ క్లాసుల నడుమ నా బిడ్డా, దాని స్నేహితులూ ఏది గెలుస్తుందని వాదులాడుకుంటూ ఉండేవాళ్లు. నేను అప్పటిదాకా అటువంటి పుస్తకం ముట్టిందే లేదు. నాకు తెలిసిన చదువు రెండు రకాలు. సూరత్ ఉధ్నాలో మా బ్యాంకు కౌంటరు వెనక చదివే కాగితాలు, శనివారం శనివారం మా తెలుగువాళ్ల మండలిలో బాపు పక్కన కూర్చుని చూసే పురాణం.

బాపు తెలంగాణ నుంచి సూరత్‌కు మగ్గం పనికి వచ్చినవాడు. తరువాత బట్ట మడతపెట్టే ఒక ఫోల్డింగ్ కార్ఖానాలో చెకింగ్‌కు కుదిరాడు. మగ్గం మీది నుంచి వచ్చిన తాకాలను, అంటే రంగు వేయని బట్ట చుట్టలను, బల్ల మీద పరిచి తప్పులు పట్టే పని. వారమంతా ఆ పని, శనివారం సాయంత్రం భేస్తాన్‌లో ఒక దుకాణం మీది గదిలో పురాణ పఠనం. నలభై ఏళ్లు ఆ గదిలో పురాణం చదివే పీట మీద కూర్చున్నాడు. కరోనా వచ్చి గది మూతపడ్డాక మండలి ఫోనులోకి మారింది. శనివారం ఐదింటికి అందరూ ఒకే కాల్‌లో చేరేవారు, బాపు చదివేవాడు.

నా చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన నేర్పిన మొదటి నియమం ఒకటుంది. పదం మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. "ఊపిరి ఇరిగితె మాట ఇరుగుతది. మాట ఇరిగితె అర్థం ఇరుగుతది బిడ్డా" అనేవాడు. దేవుడి మాటను విరిచి పలకడం ఆయన దృష్టిలో విగ్రహాన్ని కిందపడేయడం వంటిదే.

రెండో అలలో బాపుకు జబ్బు చేసింది. ఆసుపత్రి నుంచి బతికి ఇంటికి వచ్చాడు, కానీ ఊపిరి సగమే వచ్చింది. వద్దన్నా వినకుండా మొదటి శనివారమే గ్రంథం తెరిచాడు. నమ్మిన వాళ్లను స్వామి కాపాడక మానడు అని అర్థం వచ్చే పద్యం అది. బాపు "కాపాడక" అన్నాడు. అక్కడ ఊపిరి అయిపోయింది. దగ్గు ముంచుకొచ్చింది. నేను ఫోను అందుకుని "మానడు" అనేలోపు కాల్ తెగిపోయింది. భేస్తాన్‌లో, వడోద్‌లో, పాండేసరలో, ఒక్కొక్క గదిలో జ్వరాలతో భయాలతో కూర్చున్న మండలి వాళ్లందరి చెవుల్లో ఆ వారమంతా ఆ సగం మాటే నిలిచింది. ఆ మరునాడే మండలిలో ఒక పెద్దమనిషి ఆసుపత్రిలో పోయాడు.

బాపు ఒక కాగితం మీద రాసి నాకు ఇచ్చాడు: "నా నోరు స్వామి మూసిండు. తెరువద్దు."

ఆ తరువాత మాట లేదు. నీళ్లు కావాలన్నా చేత్తో సైగే. డాక్టరేమో ఫోనులో నన్ను గట్టిగా కోప్పడ్డాడు. ఊపిరితిత్తులకు పని చెప్పాలి, రోజూ గొంతెత్తి మాట్లాడించాలి, ఇలా మూగగా పడుకుంటే వచ్చిన సగం కూడా నిలవదు అన్నాడు. నేను శాస్త్రం చెప్పి చూశాను. నీ నోట్లో మాట విరిగినంత మాత్రాన స్వామి మాట తప్పుతాడా అని అడిగాను. బాపు కళ్లు మూసుకున్నాడు. ఆయనకు శాస్త్రం నేర్పేంతదాన్నా నేను?

దారి చూపింది నా బిడ్డే.

"మమ్మీ, పురాణంల ఊపిరి ఇరుగొద్దు. మరి కథల ఇరిగితే ఏమైతది? నా చిన్నప్పుడు తాత కథ చెప్తుంటే నేను ఊఁ అనకుంటె ఆపేస్తుండె యాద్ లేదా? ఇప్పుడు మనం చెప్దాం. తాత ఊఁ అనాలె. గంతే."

నిజమే. పురాణాన్ని చేతులు జోడించి మౌనంగా వింటాం. కథకు మాత్రం వినేవాళ్లు ఊఁ కొట్టాలి, లేకపోతే చెప్పేవాళ్లు ముందుకు పోరు. ఒక్క ఊఁ కూడా ఊపిరే కదా.

అయితే ఏ కథ? మామూలు నవలలంటే బాపుకు చిన్నచూపు. "ఇంటి పంచాయితీలు" అనేవాడు వాటిని. మూడు లోకాలూ పద్నాలుగు భువనాలూ తిరిగి వచ్చిన చెవులవి. అందుకే ఈ ఆరు. నా బిడ్డ కాలేజీ లైబ్రరీ వాళ్లు ఫోనులోనే పుస్తకాలు అరువిచ్చే ఏర్పాటు చేశారు. ఒకసారికి ఒక్కటే, రెండు వారాలకు. తీసుకునే ముందు ఎక్కడైనా కొన్ని పేజీలు తెరిచి చూడనిచ్చేవారు. మొదటిది నచ్చకపోతే బాపు రెండోదానికి కూర్చోడని నాకు తెలుసు. కాబట్టి తప్పు చేయడానికి వీల్లేదు.

మరుసటి రోజు సాయంత్రం ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. నా బిడ్డ ఒక్కొక్క దాని గురించి చెబుతోంది, నేను తొగరిపప్పులో రాళ్లు ఏరుతున్నాను.

"ఫస్ట్‌ది. ఒక పెద్ద ఓడ. భూమి నుంచి వేరే నక్షత్రానికి పోతుంటది. ముత్తాతలు ఎక్కిన్రు, మునిమనవలు దిగుతరు. నడుమ గాలి తయారుజేసే మిషన్ ఖరాబైతది..."

"గాలి అందని కథ మీ తాతకా? అది తియ్యి."

"ఓకే. ఇది మస్తుంటది. ఒక ఊళ్లె రోగం వస్తది, రోగం వచ్చినోళ్లకు రెక్కలు మొలుస్తయి."

"రోగం ముచ్చటే వద్దు."

"ఇది దేవుళ్లను చంపే పిల్ల కథ."

నేను చేట దించాను.

"అట్ల చూడకు మమ్మీ! వాళ్ల దేవుళ్లు, మన దేవుళ్లు కాదు."

"ఎవరి దేవుళ్లయితే ఏంది?"

"అయితే ఇగ మన పురాణంల రాక్షసులు దేవుళ్ల మీదికి పోలేదా?"

అయినా అదీ పక్కకు పెట్టాను. నాలుగోది ఏడు రాజ్యాల యుద్ధం. మొదటి పేజీలోనే ఇరవై పేర్లు. నోరు తిరగని ఆ పేర్లు బాపుకు చెప్పాలంటే ముందు నాకే ఊపిరి ఆగేట్టుంది. ఐదోది ఒక రాజుకూ ఒక చెట్టుకూ నడిచే ఉత్తరాలు. అది నాకు నచ్చింది. ఎంతో నచ్చింది. చెట్టు ఒక ఉత్తరం రాయడానికి పన్నెండేళ్లు తీసుకుంటుందట. కానీ ఉత్తరాల్లో ఊఁ కొట్టే చోటు ఎక్కడ?

మిగిలింది ఆరోది. దాని గురించి నా బిడ్డకు పెద్దగా తెలియదు. "నది కథ అంట. నా సర్కిల్ల ఎవ్వరూ సదవలే. నువ్వే చూస్కో, రేపు నాకు ఎగ్జామ్" అని లేచిపోయింది.

మరునాడు బ్యాంకులో భోజనం వేళ దాన్ని తెరిచాను. ఎలా చూడాలో బాపు నేర్పిందే. బట్ట చెకింగ్‌లో ఆయనకొక మాట ఉండేది: "పైపొర అమ్మేటోనిది, నడుమ పొర కొనేటోనిది." తాకా పైన నాలుగు చుట్లు ఎవరైనా బాగానే నేస్తారు, నడుమ విప్పి చూస్తేనే మగ్గం గుణం తెలుస్తుంది. నేను ముందు పేజీలన్నీ వదిలేసి సరిగ్గా నడుమన తెరిచాను.

పడవ నడిపే ఒక ముసలామె. తెల్లవారుజామున పడవ కొసన నిలబడి ఉంది. ఆమె ఎదురుగా నది నిలువుగా లేచి ఉంది. అది సముద్రానికి పోయే నది కాదు, కింది లోకం నుంచి మీది లోకానికి ఎక్కే నది. రంగు వేసి ఆరేసిన చీరలా ఆకాశం నుంచి వేలాడుతోంది. ఆమె ఆ నదికి దగ్గరగా పోయి నీళ్లకు చెవి ఆనించింది. అంతకుముందు ఆ దారిన ఎక్కిన వాళ్లందరి మాటలూ అందులో ఇంకా వినబడుతున్నాయి.

చపాతీ చేతిలోనే ఉంది. పక్క కౌంటరు గుజరాతీ అక్క "ఏం బేన్, చల్లారిపోతోంది" అని తట్టేదాకా నేను అక్కడ లేను. నలభై ఏళ్లుగా వింటున్న పురాణం నీళ్లకు చెవి ఆనించడం కాక మరేమిటి?

అదే ఖాయం చేశాను.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. రెండు వారాల్లో ఒక కథ చెబుతాను, ఊఁ కొట్టాలి అన్నాను. ఆయన కాగితం మీద రాశాడు: "షురూ జేస్తే ఆపద్దు." బాపు ఏదైనా అంతే. పారాయణం మొదలుపెట్టాక మధ్యలో విడిచిపెట్టడం ఆయన వంశంలో లేదు. నేను దీపం పెట్టి, అక్షతలు తీసుకుని, పద్నాలుగు రోజుల్లో కథ ముగిస్తానని స్వామి ముందు సంకల్పం చెప్పుకున్నాను. ఇంగ్లీషు నవలకు సంకల్పం చెప్పుకున్న ఆడది సూరత్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అప్పుడు మొదటి పేజీ తెరిచాను. ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పడవలో ఏడుగురు. అందరూ ముసలామె అన్నం తినేటప్పుడు ముఖం తిప్పుకుంటారు. ఆమె పేరు ఎవరూ పలకరు. ఎందుకో లేదు. "ఉప్పు వాకిలి దగ్గర జరిగింది తలచుకుని" అని ఉంటుంది, ఏం జరిగిందో లేదు. నాలుగు పేజీలు చెప్పి బిడ్డను పిలిచాను. అది ఫోను చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"మమ్మీ! గిది థర్డ్ పార్ట్! ఇంతకుముందు రెండు బుక్స్ ఉన్నయి. అవి సదవకుంటే ఏం సమజైతది?"

"ముందు చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా? ముందు పేజీల పెద్దగ రాసున్నది. అది సదవలేదా?"

చదవలేదు. నడుమ పొర చూశాను. మొదటి రెండు సంపుటాలు ఆ లైబ్రరీలో ఎవరెవరి దగ్గరో ఉన్నాయి, నెల దాకా దొరకవు. సంకల్పం చెప్పుకున్నాక పుస్తకం మార్చడం కుదరదు. అర్థం కాని కథకు బాపు ఊఁ ఎలా కొడతాడు? ఒక్క అవకాశం ఉంటే నా తొందరతో పాడుచేశానని ఏడుపు వచ్చింది. ఆయన వైపు చూశాను. బాపు చేయి ఊపాడు. కానియ్యి అని.

మొదటి రోజు ఊఁ రాలేదు. నేను ఆగాను. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. కథకు నియమం ఉంది కదా. చివరికి గొంతులో గాలి కదిలినట్టు చిన్న శబ్దం. అది ఊఁ యేనని నేను ఒప్పుకుని ముందుకు పోయాను. రెండో రోజు పది దాకా వచ్చాయి. మూడో రోజు, పడవలో ఒక పిల్ల ముసలామెకు నీళ్లు ఇవ్వబోతే తల్లి చేయి లాగేసే చోట, నేను ఊఁ కోసం ఆగాను.

"ఆమె ఎవలకో నీళ్లియ్యలే" అన్నాడు బాపు.

గొంతు గరుకుగా, తుప్పుపట్టిన గడియ తీసినట్టు ఉంది.

"నది మీద ఉండి..." ఊపిరి తీసుకున్నాడు. "దూపైనోనికి నీళ్లియ్యలే. గందుకే గిట్ల. గిది శాపమే. ముందుగాల జరిగింది గదే అయ్యుంటది."

పుస్తకంలో లేని భాగం ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ నేను పాతిక పేజీల కథ చెప్పేదాన్ని, ఆ పేజీల వెనక ఏం జరిగి ఉంటుందో ఆయన చెప్పేవాడు. వాక్యం నడుమ ఆగేవాడు, దగ్గేవాడు, మళ్లీ అందుకునేవాడు. కథ కదా, ఎక్కడ విరిగినా దోషం లేదు. మొదలు తెలిసిన పుస్తకమై ఉంటే ఆయన ఊఁ కొట్టి ఊరుకునేవాడేమో. మొదలు లేదు కాబట్టి ఆయనే చెప్పాల్సి వచ్చింది. నా తప్పును స్వామి ఏ పనికి వాడుకుంటున్నాడో అప్పటికి నాకు తెలియడం మొదలైంది. ఊఁ కొట్టే వంతు మాదైంది.

ఒకరోజు, నది ఎక్కి చేరే మీది లోకంలో ఒక పూట గడిస్తే కింది లోకంలో తరాలు గడిచిపోయే చోటు వచ్చింది. బాపు లేచి కూర్చున్నాడు. బిడ్డకు పెళ్లికొడుకును అడగడానికి బ్రహ్మ సభకు పోయి, పాట అయ్యేదాకా ఆగి, తిరిగొచ్చేసరికి భూమి మీద యుగాలే మారిపోయిన రాజు ముచ్చట చెప్పాడు.

"ఇగ అన్నీ మన పురాణాలల్లనే ఉన్నయంటవ్ గద తాతా" అని నా బిడ్డ ఉడికించింది.

"ఉన్నయని కాదే పిచ్చిపిల్లా." ఊపిరి. "గీ రాసినామె మన పురాణం ఇన్నదా? ఇనలే. యాడనో కూసున్నది. ఆమెకు గూడ... కనవడ్డది. స్వామి గక్కడ గూడ జూపిండు. గదీ సంగతి."

దేవుడు మాకు మాత్రమే చూపించాడని నేను ఎప్పుడూ బయటికి అనలేదు కానీ, లోపల అలాగే అనుకుంటూ బతికానని అప్పుడు తెలిసింది.

తొమ్మిదో రోజు శనివారం. భేస్తాన్‌లో మగ్గం నడిపే, మండలిలో తాళాలు వాయించే కాక, నాకు చిన్నాన్న వరసాయన, ఫోను చేశాడు. మూడు వారాలుగా పఠనం లేదు, అన్న ఎట్లున్నడు అని అడిగాడు. వెనక నుంచి బాపు కథ చెబుతున్న గొంతు ఆయనకు వినిపించింది.

"అది అన్న గొంతేనా? ఏం జెప్తుండు?"

"నది కథ కాకా. ఇంగ్లీషుది. మధ్యల నుంచి విన్నం, ముందు కథ బాపే కట్టుకుంట చెప్తుండు."

"మధ్యల నుంచి ఇనుడు మనకు కొత్తనా బిడ్డా? నేను షిఫ్టు దిగి వచ్చేసరికి ఎప్పుడన్న మొదలు దొరికిందా నాకు? ముప్పై ఏండ్ల సంది నడుమ నుంచే ఇంటున్న. ఫోన్ అన్న దగ్గర పెట్టు."

నిజమే. మా మండలిలో పురాణం మొదటి నుంచి విన్నవాళ్లు ఎవరు? పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చి, చేతులకు నూనె మరకలతో తలుపు దగ్గర కూర్చునేవాళ్లు. నడుమన వచ్చి నడుమన లేచిపోయేవాళ్లు. అయినా వాళ్ల కళ్లు తడిసేవి. స్వామి మొదలూ చివరా తన చేతిలో పెట్టుకుని నడుమ మాత్రం మనుషులకు ఇచ్చాడేమో.

నేను ఫోను బాపు దగ్గర పెట్టాను. కాక ఒకరి తరువాత ఒకరిని కాల్‌లోకి చేర్చాడు. బాపు ఫోను వైపు చూశాడు. ఆయన భయం నాకు కనబడింది. ఆఖరిసారి అందులో ఆయన సగం మాట వదిలేశాడు. తరువాత గొంతు సవరించుకుని, "ఒక నది ఉన్నది" అన్నాడు.

"ఊఁ" అన్నాడు కాక.

"గది కిందికి పారది. మీదికి ఎక్కుతది."

ఈసారి అన్ని ఇళ్ల నుంచీ వచ్చింది ఊఁ. వడోద్ నుంచి ఒక ఆడ గొంతు. పాండేసర నుంచి దగ్గుతో కలిసిన గొంతు. పోయిన పెద్దమనిషి ఇంటి నుంచి ఆయన భార్య గొంతు. ఒకేసారి కాదు, ఒకదాని వెనక ఒకటి, నీళ్లు ఎక్కి వచ్చినట్టు.

పద్నాలుగో రోజుకు పుస్తకం ముగిసింది. సంకల్పం తీరింది. బహుమతి దానికి రాలేదు, ఆ చెట్టు ఉత్తరాల నవలకు వచ్చింది. మొదటి సంపుటం దొరికాక నా బిడ్డ చదివి వచ్చి, "తాతా, నీళ్లు కాదు. ఆమె పడవల ఒకలకు జాగ ఇయ్యలే" అని చెప్పింది.

"నీళ్లయితేంది, జాగయితేంది" అన్నాడు బాపు. కాసేపటికి, "జాగనే పెద్దది" అన్నాడు.

డాక్టరు పరీక్ష చేసి ఊపిరి మెరుగైంది అన్నాడు, కానీ పూర్తిగా రాదని కూడా అన్నాడు. పద్యం ఒక్క గుక్కలో చదివే బలం ఇక రాదు. ఆ మాట నేను ఎలా చెప్పాలా అని చూస్తుండగా బాపే తేల్చేశాడు. పాత రోజుల్లో పురాణానికి ఇద్దరు కూర్చునేవారు. ఒకరు పద్యం చదివేవారు, ఒకరు అర్థం చెప్పేవారు. తోడు లేక ఆయన ఇన్నేళ్లు రెండూ ఒక్కడే చేశాడు. ఆ శనివారం గ్రంథం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు సదువు. అర్థం నేను జెప్త. అర్థంల యాడ ఆగినా నడుస్తది."

మండలి అంతా కాల్‌లో ఉంది. ఆ పీట మీద ఆడవాళ్లు ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరేమంటారో అనుకుంటూనే గ్రంథం తెరిచాను. మొదటి పద్యం ఒక్క గుక్కలో చదివాను. ఊపిరి విరగకుండా ముగించాననే సంతోషంతో, ఆగకుండా రెండోది అందుకున్నాను.

బాపు నా మోచేతి మీద కొట్టాడు.

"ఏందే గంత ఉరుకుడు? రైలు దొరకదా? నా వంతు రానియ్యి జర."